గోవా వెళ్లబోతున్న మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మిత్రులతో గోవా వెళ్తున్నామని, ఒక రాత్రి మాండవి నదిలోని కాసినో ఓడ ఎక్కాలనుకుంటున్నామని, గెలిచే పద్ధతులేమైనా ఉంటే చెప్పమని నీవు రాసిన ఉత్తరం చేరింది. ఈ సంగతి మీ అమ్మకు తెలియదని కూడా అందులోనే రాశావు. ఆ బాధ్యత నీదే, నన్ను అందులోకి లాగకు. ముప్పై ఏళ్లు కళాశాలలో గణాంకశాస్త్రం చెప్పినవాణ్ని, పదవీ విరమణ తరువాత నాలుగుసార్లు ఆ ఓడలెక్కి దిగినవాణ్ని కనుక, వద్దని ఒక్క ముక్కలో తేల్చేయడం కన్నా అక్కడి లెక్క విప్పి చెప్పడమే మేలనిపించింది.

ముందుగా ఒక మాట. కాసినో అమ్మే సరుకు కాలక్షేపం, ఆ సరుకుకు ఒక ధర ఉంటుంది, ఆ ధర మాత్రం ఏ బల్ల మీదా రాసి ఉండదు. దాన్ని కూర్చోకముందే కట్టుకోగలిగితే నీకు ఆట తెలిసినట్టు. అంతకు మించిన విద్య ఎవరైనా నేర్పుతానంటే అతని జేబు వైపు ఒకసారి చూడు.

సంక్రాంతికి మన వైపు కోడిపందాల బరుల పక్కన గుండాట వేయడం చిన్నప్పటి నుంచి చూశావు. ఆరు బొమ్మల గుడ్డ పరిచి, మూడు పాచికలు విసిరి, నీవు డబ్బు కాసిన బొమ్మ ఒక పాచిక మీద పడితే కాసినంత, రెండింటి మీద పడితే రెండింతలు, మూడింటి మీద పడితే మూడింతలు ఇస్తారనుకో. ఆరు బొమ్మలకు మూడు పాచికలు కదా, సగంసార్లు నాదే అవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇప్పుడు ఆరు బొమ్మల మీదా ఒక్కొక్క రూపాయి కాసి చూడు. మూడు పాచికలూ వేరువేరుగా పడితే ఆడించేవాడు మూడు తీసుకుని మూడు ఇచ్చేస్తాడు, అతనికి మిగిలేది లేదు. రెండు ఒకేలా పడితే నాలుగు తీసుకుని మూడే ఇస్తాడు, మూడూ ఒకేలా పడితే ఐదు తీసుకుని మూడే ఇస్తాడు. పాచికలు పడగలిగే 216 తీరుల్లో జంటలు 90, మూడూ ఒకటైనవి 6. అంటే 1,296 రూపాయలు కాస్తే 102 రూపాయలు అతని దగ్గర నిలిచిపోతాయి. ఇది నూటికి దాదాపు 7.9. మోసం లేదు, మంత్రం లేదు, పాచికలు స్వచ్ఛమైనవే. ఇచ్చే చోట కొంచెం తక్కువ ఇవ్వడమే ఆ వ్యాపారం. ఓడ మీద ఉన్నదీ ఇదే వ్యాపారం, కాకపోతే ఏసీ ఉంటుంది.

ఈ నూటికి ఇంత అనే వాటాను ప్రతి ఆటకూ తెలుసుకుని, నీవు కాసే మొత్తంతోనూ, గంటకు ఎన్నిసార్లు కాస్తావో ఆ సంఖ్యతోనూ గుణిస్తే గంట ధర వస్తుంది. రూలెట్ అంటే తిరిగే చక్రంలో గోళీ ఏ అంకె గడిలో ఆగుతుందో కాసే ఆట; రెండు సున్నాలున్న చక్రంలో 38 గడులుంటాయి, సరైన సంఖ్యకు ఇచ్చేది 35 రెట్లు మాత్రమే, కనుక కాసినో వాటా 5.26 శాతం; 500 రూపాయల చొప్పున గంటకు నలభైసార్లు కాస్తే ధర 1,050 రూపాయలు దాటుతుంది. ఒకే సున్నా ఉన్న చక్రమైతే వాటా 2.70 శాతం, ధర 540. అదే 500 రూపాయలతో బ్లాక్‌జాక్ అనే పేకాట బల్ల దగ్గర, నియమాలు మంచివై నీవు తప్పులు చేయకుండా ఆడితే వాటా సుమారు అర శాతం; గంటకు అరవై ఆటలు ఆడినా ధర 150 రూపాయలకు అటూ ఇటూ. అందుకే నీవు నేర్చుకోదగిన ఆట అదొక్కటే అంటాను.

బ్లాక్‌జాక్‌లో బొమ్మ ముక్కలన్నీ పది, ఆసు ఒకటి గానీ పదకొండు గానీ. నీ ముక్కల మొత్తం 21 దాటకుండా డీలరు, అంటే కాసినో తరఫున ముక్కలు పంచి ఆడేవాడి మొత్తం కన్నా పైన ఉండాలి. డీలరుకు స్వేచ్ఛ లేదు. 16 వరకు ముక్క తీయాల్సిందే, 17 వస్తే ఆగాల్సిందే. మరి కాసినోకు మిగులు ఎక్కడిదంటే, ముందు ఆడేది నీవు. నీ ముక్కలు 21 దాటిన క్షణమే నీవు కాసిన చిప్పులు (డబ్బుకు బదులు ఇచ్చే బిళ్లలు) పోతాయి, తరువాత డీలరు కూడా దాటినా అవి తిరిగి రావు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగతా పద్ధతంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అమెరికా సైన్యంలో పనిచేస్తున్న బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మట్ అనే నలుగురు బల్ల మీది లెక్కల యంత్రాలతో ప్రతి చేతికీ, అంటే చేతికొచ్చిన ముక్కల కూర్పుకూ, ఏది మేలో లెక్కకట్టి 1956లో ఒక గణాంకశాస్త్ర పత్రికలో ప్రకటించారు. నేటికీ ఆటగాళ్లు బట్టీపట్టే పట్టికకు మూలం అదే.

పట్టిక సారాంశం ఇది. డీలరు చూపే ముక్క 2 నుంచి 6 లోపల ఉంటే అతను 21 దాటిపోయే అవకాశం ఎక్కువ. 5, 6 ఉన్నప్పుడు నూటికి నలభైకి పైగా దాటుతాడు. కనుక నీకు 13 నుంచి 16 వరకు ఏది వచ్చినా కదలకుండా కూర్చో. 12 వస్తే, డీలరుది 4, 5, 6 అయినప్పుడే ఆగు. డీలరుది 7 గానీ అంతకు పైది గానీ అయితే, 17 వచ్చే వరకు తీస్తూనే ఉండు. నీకు 16, డీలరుకు పది ఉన్నప్పుడు చేతులాడవు, నాకు తెలుసు. ముక్క తీసుకున్నా ఎక్కువసార్లు ఓడతావు, కాని తీసుకోకపోతే ఇంకా ఎక్కువసార్లు ఓడతావు. పదకొండు వస్తే పందెం రెట్టింపు చేయి. ఆసుల జంటను, ఎనిమిదుల జంటను రెండు వేరు చేతులుగా విడదీయి. పదుల జంటను, ఐదుల జంటను ఎన్నడూ విడదీయకు. డీలరుకు ఆసు పడగానే ఇన్సూరెన్స్ కావాలా అని అడుగుతారు. పేరు చూసి మోసపోకు, అది నీ చేతికి రక్షణ కాదు, డీలరు కింది ముక్క పదా కాదా అన్న వేరే పందెం. దాని వాటా నూటికి సుమారు ఏడు ఉంటుంది. ఆసును పదకొండుగా లెక్కించే చేతులకు వేరే వరుస ఉంది, దాన్ని ఈ ఉత్తరంతో పాటు చీటీ మీద రాసి పెడుతున్నాను.

కూర్చునే ముందు బల్ల మీది అక్షరాలు చదువు. మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది వస్తే 2కు 3 (3 to 2) ఇస్తారా, 5కు 6 (6 to 5) ఇస్తారా అన్నది అక్కడే ఉంటుంది. 500కు మొదటి లెక్కన 750, రెండో లెక్కన 600. అలాంటి చెయ్యి సుమారు 21 ఆటలకు ఒకసారి వస్తుంది. ఈ చిన్న తేడాతో గంట ధర నాలుగు వందలకు పైగా పెరుగుతుంది. 5కు 6 ఇచ్చే బల్ల అయితే లేచిరా.

ముక్కలు గుర్తుపెట్టుకుని గెలవచ్చటగా అని రాశావు. ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణిత ఆచార్యుడు కంప్యూటరు సాయంతో ఆ సంగతి నిరూపించి 1962లో పుస్తకంగా ప్రకటించిన మాట నిజమే. మనవాళ్లకు ఈ ఊహ కొత్తదీ కాదు. భారతంలో ఋతుపర్ణుడు తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కచెప్పి, ఆ లెక్కతో పాటు పాచికల రహస్యమైన అక్షహృదయాన్ని నలుడికి నేర్పుతాడు. పాచికల విద్యా లెక్కల విద్యా ఒకటేనని అప్పుడే కనిపెట్టిన ఆ కథకుడికి నేను తరగతిలో ఎన్నోసార్లు దండం పెట్టాను. అయితే ఇప్పుడు కాసినోలు ఆరు, ఎనిమిది పేకలు కలిపి పంచుతాయి, చాలాచోట్ల వాడిన ముక్కలు వెంటనే కలిపేసే యంత్రాలుంటాయి. అక్కడ గుర్తుపెట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక నేను కాలు జారిన చోటు. రూలెట్‌లో ఎరుపు మీద కాసి, పోతే రెట్టింపు కాసి, గెలిచినప్పుడు మళ్లీ మొదటికి వచ్చే పద్ధతిని లెక్కల మాస్టారినై ఉండి కూడా మొదటి యాత్రలో ఆడాను. 200తో మొదలుపెట్టాను, గంటన్నర పాటు రెండు వందల చొప్పున వస్తూనే ఉన్నాయి, పక్కవారు నన్ను చూసి కాయడం కూడా మొదలుపెట్టారు. తరువాత వరుసగా ఏడుసార్లు పోయింది, ఆరుసార్లు నలుపు, మధ్యలో ఒకసారి ఎరుపూ నలుపూ కాని సున్నా. 25,400 రూపాయలు పోయాయి, ఎనిమిదో పందెం 25,600 కాయబోతే బల్ల పరిమితి ఒప్పుకోదన్నారు. గదికి వచ్చి కాగితం తీశాను. ఒక సున్నా చక్రంలో వరుసగా ఏడు పోవడం 106 వరుసల్లో ఒకసారి జరుగుతుంది. మిగతా 105 సార్లూ 200 చొప్పున వచ్చేది 21,000, ఆ ఒక్కసారి పోయేది 25,400. ఈ లెక్క అంతకు ముందే చేయగలిగి ఉండీ చేయలేదు. నలుపు ఇన్నిసార్లు పడింది కనుక ఇక ఎరుపే అనుకోకు. ఐరోపాలోని మోంటే కార్లో కాసినోలో 1913 ఆగస్టు 18న నలుపు వరుసగా 26 సార్లు పడిందని చెబుతారు, చక్రానికి నిన్నటి సంగతి గుర్తుండదు.

బాకరా అనే పేకాటలో బ్యాంకరు, ప్లేయరు అనే రెండు చేతుల్లో ఏది గెలుస్తుందో కాయాలి; బ్యాంకరు మీద కాస్తే వాటా 1.06 శాతం, ప్లేయరు మీద 1.24, ఆలోచించే పని లేదు కనుక బ్లాక్‌జాక్ పట్టిక మరచిపోతే అక్కడ కూర్చో. టై, అంటే రెండూ సమానమవుతాయన్న పందెం మీద మాత్రం కాయకు, ఎనిమిది రెట్లు ఇస్తామని నూటికి 14 పట్టుకుంటారు. అందర్ బాహర్ మన లోనా బయటే. ముక్క ముందుగా పడే వైపుకు గెలుపు నూటికి 51.5, అందుకే ఆ వైపు గెలిస్తే తరచుగా రూపాయికి తొంభై పైసలే ఇస్తారు. అప్పుడు వాటా ఆ వైపు 2.15 శాతం, రెండో వైపు 3. స్లాట్ యంత్రాల దగ్గరికి వెళ్లకు. వాటి వాటా ఎంతో పైకి కనిపించదు, అవి గంటకు తినే పందేలకు లెక్కే లేదు.

డబ్బు విషయం. బ్లాక్‌జాక్‌కు గంటకు 150 అని పైన చెప్పినది సగటు మాత్రమే. 500 చొప్పున నాలుగు గంటలు ఆడితే ఎనిమిది తొమ్మిది వేలు అటో ఇటో ఊగడం మామూలే, దానికి రెట్టింపు ఊగినా వింతపడనక్కరలేదు. 20,000 పోయినా ఇంటి అద్దె ఆగదనుకుంటేనే 500 కాయి, లేకపోతే పందెం తగ్గించు, తగ్గించే బల్ల దొరకకపోతే చూస్తూ నిలబడు. ప్రవేశ రుసుములో భోజనం ఉంటుంది. ఆ రుసుముతో ఇచ్చే చిప్పులు కొన్ని నగదుగా మారవు, ముందే అడుగు. కార్డులు గదిలో వదిలి వెళ్లు. చిప్పుల మీద జీఎస్టీ 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం; అది నీ డబ్బులో కోస్తారా, వాళ్లు భరిస్తారా అన్నది కౌంటరు దగ్గరే తేల్చుకో, ఎందుకంటే నీదే అయితే నేను చెప్పిన అర శాతాలన్నీ దాని ముందు దిగదుడుపే. గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం, ఓడినదాన్ని అందులో తగ్గించుకోనివ్వరు. ఫోనులో ఆడే డబ్బు ఆటల జోలికి వెళ్లకు; తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో వాటిని నిషేధించాయి.

ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది. రెండు పేకలు కలిపి, చింతపిక్కలు చిప్పులుగా పెట్టుకుని, చీటీ చూడకుండా 200 ఆటలు ఆడు. డీలరుగా మీ చెల్లిని కూర్చోబెట్టు, తను జాలిపడదు. ప్రతి ఆటా కాగితం మీద రాసి, ఎక్కడ పట్టిక తప్పావో గుర్తుపెట్టి నాకు పంపు. 16 వచ్చి పది ఎదురుగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఆగిపోయావో నేను మొదట చూసేది అదే.

మీ మామయ్య