మంచం కింద ఏనుగు

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. మంచం కింద ఏనుగు పిల్ల ఉందని, దానికీ ముద్ద పెట్టమని రోజూ గొడవ. మావారు 'ఇప్పట్నుంచే అబద్ధాలా' అని కోప్పడుతున్నారు. మొన్న స్కూల్లో ఆకుకు ఊదారంగు వేసిందని టీచర్ ఆ బొమ్మ మీదే ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టారు. అప్పట్నుంచి బొమ్మ వెయ్యమంటే 'నాకు రాదు, నువ్వే వెయ్యి' అంటోంది. టెన్షన్‌గా ఉంది. – ఓ అమ్మ, హనుమకొండ

జవాబు: మీకు ఏనుగు గురించి దిగులు. నాకు మాత్రం మీ ఉత్తరం చివర్లో ఉన్న 'నాకు రాదు' అనే మాట దగ్గర మనసు చివుక్కుమంది. నాలుగున్నరేళ్ల పిల్ల నోటి నుంచి రావాల్సిన మాట కాదమ్మా అది.

ముందు ఏనుగు సంగతి. గ్లాసు పగలగొట్టి 'పిల్లి పడేసింది' అంటే అది దెబ్బలకు భయపడి ఆడిన అబద్ధం. ఏనుగుకు ఆకలేస్తోందంటే ఆట, ఆ సంగతి మీ పాపకూ తెలుసు. మీరు నిజంగానే మంచం కింద కంచం పెట్టి 'ఏదీ, తినలేదే' అని వంగి చూస్తే 'అమ్మా, ఉత్తుత్తినే' అని తనే మీకు చెప్తుంది. అమెరికాలో మార్జొరీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఏడేళ్లు వచ్చేలోపు దాదాపు మూడింట రెండొంతుల మంది పిల్లలకు ఇలాంటి ఊహల నేస్తం ఉన్నట్టు తేలింది. ఇది మీవారికి చదివి వినిపించండి. ఇంకోటి, ఆ ఏనుగు ఏం మాట్లాడుతోందో చెవిన వేసుకోండి. 'దానికి స్కూలంటే భయమట' అని పాప అందంటే ఆ భయం ఎవరిదో మీకు తెలిసిపోతుంది. ఆ ఏనుగుకు జడిసి రాత్రిళ్లు నిద్రపోకపోయినా, తోటి పిల్లల దగ్గరికే పోకపోయినా, అంతకుముందు వచ్చిన మాటలు తగ్గిపోతున్నా అప్పుడు పిల్లల డాక్టర్‌కు చూపించండి. మీరు రాసినదాంట్లో నాకవేవీ కనిపించలేదు.

ఇక ఆకు. మామిడి చిగురు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? లేతగా ఉన్నప్పుడు పచ్చగా ఉండదు, రాగిరంగులో, కొన్ని చెట్లకైతే ఊదా కలిసిన ఎరుపులో వేలాడుతుంటుంది. మీ పాప చూసే వేసిందేమో, ఎవరడిగారు? ఒకవేళ చూడకపోయినా ఫరవాలేదు, ఆ వయసులో రంగు నచ్చితే వేస్తారు, అంతే. ఆకు పచ్చగా ఉంటుందని నేర్పడానికి బోలెడు సమయం ఉంది, ఆ నేర్పడం పిల్ల వేసిన బొమ్మ మీదే జరగనక్కర్లేదు. టీచర్‌తో పాప లేనప్పుడు, గొడవకు వెళ్లినట్టు కాకుండా, 'తప్పుంటే నోటితో చెప్పండి మేడమ్, బొమ్మ మీద మాత్రం గీయకండి' అని ఆ ఒక్కటే అడగండి.

'నువ్వే వెయ్యి' అన్నప్పుడు మీరు చక్కగా వేసిచ్చారంటే తనకు రాదన్న మాట ఖాయమైపోతుంది. బొమ్మ వెయ్యమని అడగడమే కొన్నాళ్లు మానేయండి. పాత శుభలేఖలను వెనక్కి తిప్పి, నాలుగు క్రేయాన్లు పక్కన పడేసి, మీ పాటికి మీరే ఓ వంకర ఏనుగును గీసుకుంటూ కూర్చోండి, తొండం మర్చిపోండి. తనే వచ్చి తగిలిస్తుంది. 'అబ్బ, ఎంత బాగుందో' అని వెంటనే మెచ్చుకోకండి, అది కూడా మార్కులు వేయడమే. 'ఇదెటు పోతోంది?' అని అడిగి ఊరుకోండి.

రాత్రి ఏడు చేపల కథ చెప్పండి. 'చేపా చేపా, ఎందుకెండలేదు?' దగ్గర ఆగండి. మనకు గడ్డిమేటు అడ్డొచ్చింది, మీ పాపకు ఏనుగు అడ్డొస్తే రానివ్వండి, కథ ఎటు పోతే అటు మీరూ పొండి. వీలైతే ఆ రోజు కథ మీవారిని చెప్పమనండి. ఇంటూ కొట్టిన ఆ బొమ్మ మాత్రం పారేయకండి, చిగురు వేసే రోజుల్లో పాపను మామిడిచెట్టు కిందకు తీసుకెళ్లినప్పుడు పక్కన పెట్టి చూసుకోవచ్చు.