60 గజాల గూస్‌కి ఏ షెల్ వాడాలి? ముందు కాగితం మీద కాల్చి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ దగ్గర మూడున్నర అంగుళాల చాంబర్ (షెల్ అంటే తూటా కూర్చునే గది) ఉన్న 12 గేజ్ షాట్‌గన్ ఉంది. కోత అయిపోయిన పొలాల మీదుగా ఎత్తున పోయే కెనడా గూస్‌లను, అంటే పెద్ద అడవి బాతులను, 55, 60 గజాల దూరంలో కొట్టాలనుకుంటున్నారు. షెల్‌లో నింపే పెల్లెట్లు (చిన్న గోళీలు) స్టీల్ బీబీ సైజువి సరిపోతాయా, అంతకన్నా పెద్ద ట్రిపుల్ బీ కావాలా, లేక బరువైన టంగ్‌స్టన్ లోహానికి పోవాలా అన్నది మీ సందేహం.

నేను వాడేది ముందే చెప్పేస్తాను. మూడు అంగుళాల షెల్, అందులో ఔన్సుంపావు స్టీల్ బీబీ, గన్‌కి మాడిఫైడ్ చోక్ (చోక్ అంటే గొట్టం కొనను ఇరుకు చేసే బిగింపు; మాడిఫైడ్ మధ్యరకం, ఫుల్ బాగా ఇరుకు). దీంతో నేను 45 గజాలు దాటి కాల్చను. ఇది మీరు అడిగిన 60 కాదని తెలుసు. నేనూ 60తోనే మొదలుపెట్టి, దెబ్బతిని, 45 దగ్గరికి వచ్చి ఆగాను.

మొదటి రెండు సీజన్లు నాకు అట్టపెట్టె మీద రాసిన అంకెలే వేదం. మూడున్నర అంగుళాలు, ఔన్సున్నర ట్రిపుల్ బీ, సెకనుకు 1550 అడుగుల వేగం. దూరం కొట్టాలి కదా అని ఫుల్ చోక్ బిగించాను. ఒకరోజు పొద్దున గాలి బాగా ఉంది, గుంపు మా పైనుంచి వెళ్లింది. మూడు షెల్స్ ఖాళీ చేశాను. ఒక పక్షి కొంచెం తూలింది, మళ్లీ సర్దుకుని జారుతూ జారుతూ పొలం అవతలి గట్టు దాటి ఎక్కడో పడింది. గంటకు పైగా వెతికాం, దొరకలేదు. ఆ ఒక్క రోజే అలాంటివి మూడు. షెల్‌ని తిట్టుకున్నాను, గాలిని తిట్టుకున్నాను. నాకన్నా చాలా ఏళ్లుగా వేటకు వెళ్తున్న స్నేహితుడు అంతా విని ఒకటే అడిగాడు: "నీ గన్ ప్యాటర్న్, అంటే పెల్లెట్లు ఎలా పరుచుకుని పడుతున్నాయో, ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. పెట్టె పెట్టె కొన్నాను గానీ ఒక్కటంటే ఒక్క షెల్ కూడా కాగితం మీద కాల్చలేదు.

ఆ వారాంతం నాలుగడుగుల చదరపు కాగితాన్ని 40 గజాల దూరంలో, వెనక మట్టికట్ట ఉండేలా నిలబెట్టాం. మధ్యలో గురిపెట్టి కాల్చాక, రంధ్రాలు ఎక్కువగా ఉన్న చోటు చుట్టూ 30 అంగుళాల వ్యాసంతో వృత్తం గీసి, లోపల పడ్డవి లెక్కపెట్టడం, అంతే పని. ప్రతి షెల్‌నీ కనీసం మూడుసార్లు చూడాలి, ఎందుకంటే ఒక్కసారి బాగా వచ్చినంత మాత్రాన నమ్మడానికి లేదు. పాలేవో నీళ్లేవో అక్కడ తేలిపోయింది. నా ఔన్సున్నర ట్రిపుల్ బీలో దాదాపు 92 పెల్లెట్లు ఉంటాయి. ఫుల్ చోక్‌లోంచి వృత్తంలో పడ్డవి 50 చిల్లర. అవి కూడా ఒక పక్క గుత్తిగా, ఇంకో పక్క ఏకంగా ఒక గూస్ పట్టేంత ఖాళీతో. స్టీల్ సీసంలా నలగదు. గట్టి పెద్ద పెల్లెట్లను ఇరుకు చోక్‌లో తోస్తే ప్యాటర్న్ బిగుసుకోకపోగా చాలాసార్లు చెదిరిపోతుంది. స్టీల్‌కి మాడిఫైడ్ చోక్ పెడితే సీసానికి ఫుల్ పెట్టినంత బిగువు వస్తుందని పాత వేటగాళ్లు చెప్పేది ఇందుకే.

అదే రోజు స్నేహితుడి జేబులోంచి మూడు అంగుళాల ఔన్సుంపావు బీబీ తీసుకుని మాడిఫైడ్‌లో కాల్చాను. షెల్‌లో ఉండేవి 90 పెల్లెట్లు. 40 గజాల దగ్గర వృత్తంలో 66 పడ్డాయి, అన్నీ సమంగా పరుచుకుని. 50 దగ్గర 46. ఇక మీరు అడిగిన 60 దగ్గర 28. ఈ అంకెలు నా గన్‌వి, మీ గన్ వేరేలా చెప్పొచ్చు. కానీ 28 అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. రెక్కలు చాచిన గూస్ ఐదడుగులు కనిపిస్తుంది, అందులో ఎక్కువభాగం ఈకలే. గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు రెండు అరచేతులకు మించదు. 30 అంగుళాల వృత్తంలో 28 పెల్లెట్లు పడితే ఆ రెండు అరచేతుల మేరలో సగటున ఒకటి పడుతుంది, అదీ గురి తప్పకపోతే. 66 పడితే మూడు దాకా పడతాయి. నేను పోగొట్టుకున్న ఆ మూడు పక్షుల లెక్క నాకు అక్కడే అర్థమైంది.

ఇప్పుడు సైజు సంగతి. దూరం వెళ్లాక పెల్లెట్ ఎంత లోతుకు దిగుతుందన్నది ముఖ్యంగా సాంద్రత, వ్యాసం, అక్కడికి చేరేసరికి మిగిలిన వేగం మీద ఆధారపడుతుంది. నేను వాడే మోటు లెక్క ఒకటుంది: సాంద్రతను వ్యాసంతో గుణించడం. సీసం సాంద్రత సుమారు 11, నాలుగో నంబర్ పెల్లెట్ వ్యాసం 0.13 అంగుళం (నంబర్ పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుంది), గుణిస్తే 1.4 చిల్లర. స్టీల్ సాంద్రత 7.8 మాత్రమే, కాబట్టి అదే 1.4 రావాలంటే 0.18 అంగుళం కావాలి, అంటే బీబీ. సీసానికి బదులు వాడే ఇంకో లోహం బిస్మత్ 9.6, దానికి రెండో నంబర్ చాలు, 0.15 అంగుళం. టంగ్‌స్టన్ సూపర్ షాట్ అనే రకం సాంద్రత 18, అందులో 0.08 అంగుళం ఉండే తొమ్మిదో నంబర్‌తోనే ఆ లెక్కకు చేరుకుంటారు! ఔన్సుకి స్టీల్ బీబీ 72 వస్తే, టంగ్‌స్టన్ తొమ్మిది 360 దాకా వస్తాయి. టంగ్‌స్టన్ గురించి జనం అంతగా చెప్పుకునేది ఊరికే కాదు. చిన్న పెల్లెట్ చేసే గాయం సన్నగా ఉంటుంది కాబట్టి గూస్‌కి తొమ్మిదో నంబర్‌కన్నా పెద్ద పెల్లెట్టే తీసుకోవాలని నా అభిప్రాయం. అయితే టంగ్‌స్టన్ ఖరీదు చూశాక కాగితం మీద కాల్చడానికి చెయ్యి రాదు. కాల్చి చూడకుండా నేరుగా పొలానికి తీసుకెళ్తే మళ్లీ నా మొదటి సీజన్ కథే.

సీసంతో ఈ గొడవంతా ఉండేది కాదని పాతవాళ్లు అంటుంటారు. నిజమే, కానీ నీటిపక్షులు ఇసకరాళ్లతో పాటు కింద పడ్డ సీసపు పెల్లెట్లు కూడా మింగి, అవి గిజ్జర్డ్‌లో (మేత నలిపే కడుపు సంచిలో) అరిగి ఒంట్లో విషమెక్కి చచ్చిపోయేవి. నీటిపక్షుల వేటలో సీసాన్ని అమెరికా 1991 నుంచి దేశమంతటా ఆపేసింది. కెనడాలో 1999 నుంచి చాలా రకాల వలస పక్షుల వేటకు విషరహిత షాట్ తప్పనిసరి. ఆ మార్పు మంచిదే అంటాను నేను.

వేగం దగ్గర నన్ను నేను తిట్టుకోకుండా ఉండలేను. 1550 అన్న అంకెకు పడిపోయాను. తేలికైన గోళం ఎంత వేగంగా బయల్దేరితే గాలి దాన్ని అంత గట్టిగా పట్టి ఆపుతుంది. గొట్టం దగ్గర ఉన్న 150 అడుగుల తేడా 40, 50 గజాలు వెళ్లేసరికి చాలావరకు కరిగిపోతుంది. మనకు మిగిలేది భుజం మీద దెబ్బ, చాలా గన్లలో చెదిరిన ప్యాటర్న్. 1400 నుంచి 1450 మధ్య ఉన్న షెల్ నా గన్‌లో అన్నిటికన్నా బాగా వచ్చింది. ట్రిపుల్ బీ మీద నాకు కోపం లేదు. మీ గన్‌లో అది సమంగా పడితే గాలి రోజుల్లో పనికొస్తుంది. కాకపోతే బీబీకన్నా ఔన్సుకి సుమారు పది పెల్లెట్లు తగ్గుతాయి. రెండో నంబర్ స్టీల్ మాత్రం పెద్ద కెనడా గూస్‌కి 35 గజాలు దాటితే వద్దు. చిన్న రకాలు, దీమపు బొమ్మల (పక్షుల్ని రప్పించడానికి పెట్టే బొమ్మల) మీద దిగేటప్పుడు దగ్గరి కాల్పులు, వాటికి బాగానే ఉంటుంది.

షెల్ ఏదైనా సరే, నా అనుభవంలో సగం తప్పులు దూరం అంచనాలోనే జరిగాయి. పెద్ద పక్షి కాబట్టి దగ్గరున్నట్టు, మెల్లగా పోతున్నట్టు కనబడుతుంది, రెండూ అబద్ధమే. గంటకు 45 మైళ్లంటే సెకనుకు 66 అడుగులు. స్టీల్ బీబీకి 50 గజాలు దాటడానికి సుమారు సెకనులో ఆరో వంతు పడుతుంది, ఆలోగా పక్షి 11 అడుగులు ముందుకెళ్లిపోతుంది. అడ్డంగా పోయే గూస్‌కి మూడు పక్షుల పొడవు ముందు గురి పట్టాలన్నమాట. నేను ముక్కుకి రెండడుగుల ముందు పట్టి "తోకలో తగిలింది" అని ఆశ్చర్యపోయేవాణ్ణి. ఇప్పుడు చివరి దీమపు బొమ్మను 45 గజాల దగ్గర పెడతాను, అది దాటినవాటి జోలికి పోను. ఎత్తున పోయేవాటికైతే ముందే దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌తో చెట్ల కొనల దూరం చూసి గుర్తుపెట్టుకుంటాను.

మీకు 60 తప్పదంటే బిస్మత్ బీబీ గానీ, పెద్ద సైజు టంగ్‌స్టన్ గానీ తీసుకుని ముందు 60 దగ్గరే కాగితం పెట్టి చూడండి. వృత్తంలో పడ్డ పెల్లెట్లు 50కన్నా తక్కువైతే ఆ దూరం వదిలేయమంటాను. ఈ 50 ఎవరో పెట్టిన నియమం కాదు, నాకు నేను పెట్టుకున్న గీత.

గన్ విషయంలో రెండు జాగ్రత్తలు. మీది మూడున్నర చాంబర్ కాబట్టి మూడు అంగుళాల షెల్ హాయిగా వాడుకోవచ్చు, కానీ పక్కవాడి మూడు అంగుళాల గన్‌కి మీ పొడుగు షెల్స్ ఎప్పుడూ ఇవ్వకండి. ఒక్కోసారి లోపలికి దూరుతుంది, కాల్చినప్పుడు మూత విప్పుకోవడానికి చోటు లేక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అలాగే తాతలనాటి డబుల్ బ్యారెల్‌లో స్టీల్ వద్దు, బిస్మత్ మెత్తన కాబట్టి అలాంటివాటికి అదే నయం. అదైనా ఆ గన్ మంచి స్థితిలో ఉందని గన్‌స్మిత్ చూసి చెప్పాకే.

ఇంకోటి, కిందటేడు తడిసిన షెల్స్ సంచి అడుగున మిగిలి ఉంటే వాడకండి. నేను ఒకటి కోసి చూస్తే స్టీల్ తుప్పు పట్టి పెల్లెట్లన్నీ ఒకటే ముద్దగా అతుక్కుని ఉన్నాయి.