సుంకం తగ్గినా పండ్లు రేవులో ఎందుకు ఆగుతాయి?

ప్రశ్న: నారింజ, నిమ్మ వంటి పండ్లపై చాలా చోట్ల దిగుమతి సుంకాలు తగ్గాయంటారు. అయినా తెగుళ్ల పేరుతో కంటైనర్లను ఆపేశారన్న వార్తలు వస్తూనే ఉన్నాయి. ఇది నిజమైన భయమా, లేక సొంత రైతుల కోసం వేస్తున్న అడ్డుకట్టా?

జవాబు: రెండూ ఉంటాయి. ఏది ఎంత అన్నది తేల్చడమే కష్టం. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటే అమల్లోకి వచ్చిన శానిటరీ, ఫైటోశానిటరీ ఒప్పందం, పరాయి పురుగుల నుంచి, తెగుళ్ల నుంచి తన తోటలను కాపాడుకునే హక్కును ప్రతి దేశానికీ ఇచ్చింది. ఆ చర్యలకు శాస్త్రీయ ఆధారం ఉండాలనీ, అవసరానికి మించి వ్యాపారాన్ని అడ్డుకోరాదనీ షరతు కూడా పెట్టింది. తగాదాలన్నీ ఈ షరతు దగ్గరే మొదలవుతాయి.

భయం ఉత్తదేమీ కాదు. పండు ఈగ తొక్కలో గుడ్లు పెడితే పురుగు లోపలే పెరుగుతుంది కాబట్టి, మేలైన పండులా కనిపించేదే దాన్ని మోసుకెళ్లవచ్చు. 2001 చివర్లో స్పెయిన్ క్లెమెంటైన్ కమలాల్లో మధ్యధరా పండు ఈగ పురుగులు బతికి ఉన్నట్టు తేలడంతో అమెరికా వాటి దిగుమతిని నిలిపివేసింది. శీతల శుద్ధి, అంటే పురుగు చచ్చేలా పండును చలిలో ఉంచే గడువును పెంచి, 2002లో మళ్లీ అనుమతించింది. తలుపు శాశ్వతంగా మూసేయకుండా షరతును సరిదిద్దుకున్న ఈ పద్ధతే సరైనదని నా అభిప్రాయం.

ఆ శుద్ధి ఎలా జరుగుతుందో చూస్తే ఎగుమతిదారు కష్టం అర్థమవుతుంది. పండు గుజ్జులోకి ఉష్ణోగ్రతను కొలిచే సూదులు గుచ్చి, అమెరికా నిబంధన ప్రకారమైతే 1.11 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువలో వరుసగా 14 రోజులు ఉంచాలి. ప్రయాణంలో యంత్రం మొరాయించి వేడి హద్దు దాటితే శుద్ధి చెల్లకుండా పోవచ్చు. ఇక నిమ్మ, పంపరపనస వంటివి అంత చలికి తట్టుకోలేక తొక్కపై గుంటలు పడి, గోధుమరంగుకు తిరుగుతాయి. పురుగు చచ్చినా పండు ధర పలకదు.

దక్షిణాఫ్రికా, ఐరోపా సమాఖ్యల వివాదం ఇంకా చిక్కుముడిలోనే ఉంది. 2022 జూన్‌లో ప్రకటించిన శీతల శుద్ధి నిబంధనను ఐరోపా జులైలోనే అమలు చేయడంతో, అప్పటికే ఓడలెక్కిన వందలాది కంటైనర్లు రేవుల్లో చిక్కుకుపోయాయి. దక్షిణాఫ్రికా అదే నెలలో ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించింది. నల్లమచ్చ తెగులు నిబంధనలపై 2024లో మరో ఫిర్యాదు చేసింది. ఆ మచ్చ తొక్కకే పరిమితమనీ, తినడానికి అమ్మే పండు ద్వారా తెగులు కొత్త చోట వేళ్లూనుకున్నట్టు ఆధారం లేదనీ దాని వాదన. మధ్యధరా వాతావరణంలో ఆ తెగులు బతకగలదని ఐరోపా అంటుంది. 2019లో ట్యునీషియాలో అది కనిపించడం ఐరోపా భయానికి కొంత బలమిచ్చింది. అయినా నౌక బయలుదేరాక నిబంధన మార్చడం అన్యాయమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. పైగా వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు కనుక, నెగ్గిన దేశానికి కూడా తీర్పు వెంటనే అక్కరకు వస్తుందన్న భరోసా లేదు.

ప్రశ్న: చిన్న ఎగుమతిదారులు ముందుగా దేనిమీద దృష్టి పెట్టాలి?

జవాబు: మందుల అవశేషాల మీద. ప్రత్యేక పరిమితి నిర్ణయించని మందుకు ఐరోపాలో కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. అంటే తోటలో ఏ మందు ఎప్పుడు కొట్టామన్న లెక్క కోతకు చాలా ముందే, పూత దశ నుంచే ఉండాలి. పండు సరిగా ఉన్నా, దాన్ని పేర్చిన చెక్క ప్యాలెట్‌పై వేడి శుద్ధి ముద్ర లేకపోతే సరుకు ఆగుతుంది. ఈ ముద్రకు చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉండాలి. కొనే దేశపు షరతులను ప్రతి కాలానికీ అక్కడి అధికారిక వృక్షరక్షణ సంస్థ ప్రకటన నుంచే తీసుకోవాలి, దళారి మాట మీద కాదు. తెగులు లేని ప్రాంతంగా గుర్తింపు పొందిన చోటి తోటలను ఎంచుకుంటే శుద్ధి ఖర్చూ తగ్గవచ్చు, ఎందుకంటే దేశమంతటినీ ఒకే గాటన కట్టకుండా ప్రాంతాల వారీగా చూడాలని ఒప్పందమే చెబుతోంది.