టాప్‌లో వీపీపీ 100 శాతం చూపిస్తే సర్వర్ మార్చాలా?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది: తిరుపతిలో చిన్న ఇంటర్నెట్ సంస్థ, వీపీపీతో, అంటే ప్యాకెట్లను వేగంగా దారి మళ్లించే సాఫ్ట్‌వేర్‌తో, నడిచే రూటరు. ప్రాసెసర్ వాడకాన్ని చూపే లినక్స్ ఆదేశం టాప్‌లో రెండు కోర్లు రాత్రింబవళ్లు 100 శాతం. సాయంత్రమైతే చందాదారుల వీడియో కాల్స్ తెగిపోతున్నాయి. కొత్త సర్వర్ కొనమని ఎవరో సలహా ఇచ్చారు. ఇప్పుడే కొనకండి. ఆ 100 శాతానికీ, తెగిపోతున్న కాల్స్‌కూ సంబంధం లేకపోవచ్చు.

నెట్‌వర్క్ కార్డు నుంచి ప్యాకెట్లను నేరుగా తీసుకోవడానికి వీపీపీ వాడే డీపీడీకే అనే సాఫ్ట్‌వేర్ పోలింగ్ పద్ధతిలో పనిచేస్తుంది. ప్యాకెట్ వచ్చిందని కార్డు చెప్పేదాకా ఆగదు. ఏమైనా వచ్చాయా అని తానే అదేపనిగా చూస్తూ ఉంటుంది. కేబుల్ ఊడదీసినా వర్కర్ కోరు, అంటే ప్యాకెట్ల పని చేసే కోరు, 100 శాతమే చూపిస్తుంది. అలిపిరి నుంచి కొండకు వెళ్లే బస్సు ఇద్దరితో బయలుదేరినా డ్రైవరుకు పని పనే కదా. సీట్లు ఎంతవరకు నిండాయో టాప్ చెప్పదు.

ఆ లెక్క వీపీపీ ఆదేశం ‘షో రన్‌టైమ్’ చెబుతుంది. రద్దీ వేళ ముందు ‘క్లియర్ రన్‌టైమ్’ కొట్టి, కొన్ని సెకన్లు ఆగి చూడండి. చివరి నిలువు వరుసలో ఒక్కో పిలుపుకు, అంటే వర్కర్ చేసే ఒక్కో విడత పనికి, సగటున ఎన్ని ప్యాకెట్లు అందాయో ఉంటుంది. గరిష్ఠం 256. ఐదారు ఉంటే వర్కర్ దాదాపు ఖాళీ. 200 దాటి అక్కడే నిలిచిపోతే నిజంగానే ఊపిరాడడం లేదు. పక్కనే ఉండే క్లాక్స్ అంకెను (ఒక్కో ప్యాకెట్‌కు ప్రాసెసర్ ఖర్చుపెట్టిన క్లాకులు) ఖాళీ వేళల్లో చూసి బెంబేలెత్తకండి: గుంపు చిన్నదైతే ఒక్కో ప్యాకెట్‌కు పడే ఖర్చు ఎక్కువగా కనిపిస్తుంది. ‘షో హార్డ్‌వేర్’లో కార్డు వదిలేసిన ప్యాకెట్ల అంకె పెరుగుతోందా అన్నదీ చూడండి. అది పెరగకపోతే మీ తంటా ఈ పెట్టెలో కాక మరోచోట ఉండే అవకాశమే ఎక్కువ.

మా దగ్గర మాత్రం పెరిగింది. బ్రహ్మోత్సవాల సమయం, గదులన్నీ నిండిన లాడ్జీలు, అన్నింటి నుంచీ ఒకటే ఫిర్యాదు: డౌన్‌లోడ్ బాగానే ఉంది, ఇటు మాట అటు వినిపించడం లేదు. ‘షో రన్‌టైమ్’లో మొదటి వర్కర్ 250 దగ్గర ఉంటే, రెండోది 20 కూడా దాటలేదు. కారణం పీపీపీఓఈ, అంటే చందాదారులు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్ పద్ధతి. పైనుంచి మనకు వచ్చే ట్రాఫిక్ మామూలు ఐపీ కాబట్టి కార్డు దాన్ని చిరునామాలను బట్టి క్యూలన్నింటికీ (వర్కర్ల కోసం ప్యాకెట్లు వేచి ఉండే వరుసలకు) పంచుతుంది. చందాదారుల నుంచి వచ్చేది పీపీపీఓఈ చుట్టలో ఉంటుంది. చాలా కార్డులు ఆ చుట్ట విప్పి లోపలి చిరునామా చూడలేవు. మొత్తం తెచ్చి ఒకే క్యూలో పోస్తాయి. అప్‌లోడ్ ఒక్కటే దెబ్బతినడం అందుకే. ఎన్ని కోర్లున్న సర్వర్ కొన్నా ఆ క్యూ ఒక కోరు మీదే పడుతుంది. సర్వర్ అమ్మేవారు ఈ సంగతి ఎందుకు చెబుతారు?

రేణిగుంట రోడ్డు వైపు స్విచ్‌ను కార్డులోని రెండో పోర్టుకు మార్చి, ‘సెట్ ఇంటర్‌ఫేస్ ఆర్‌ఎక్స్ ప్లేస్‌మెంట్’తో ఆ పోర్టు క్యూను రెండో వర్కర్‌కు అప్పగించాం. ఖర్చల్లా ఒక ఫైబర్ ముక్క. పీపీపీఓఈ లోపలికి చూడగల కార్డులూ ఉన్నాయి; కొనాల్సే వస్తే ముందు ఆ సంగతి అడగండి.

ఎలాగూ కొలుస్తున్నారు కాబట్టి మరో మాట: గిగాబిట్లను కాక, సెకనుకు వచ్చే ప్యాకెట్లను లెక్కపెట్టండి. 10 గిగాబిట్ల లింకు 64 బైట్ల ప్యాకెట్లతో నిండితే సెకనుకు సుమారు 1.488 కోట్లు. అంటే 3 గిగాహెర్ట్జ్ కోరుకు ఒక్కో ప్యాకెట్ మీద దాదాపు 200 క్లాకులే దక్కుతాయి. పెద్ద ప్యాకెట్లతో వచ్చే సినిమా డౌన్‌లోడ్ కన్నా చిన్న ప్యాకెట్ల మాటలూ ఆటలే కోరును ఎక్కువగా నలుపుతాయి.

ఈ ఎడతెగని పోలింగ్ వల్ల కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ త్వరగా అయిపోతోందన్నదే అసలు బాధ అయితే, వీపీపీ స్టార్టప్ ఫైలులోని యునిక్స్ విభాగంలో ‘పోల్ స్లీప్ యూసెక్’ పెట్టి చూడండి. కోరుకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది, ఆలస్యం కొంచెం పెరుగుతుంది. విలువ పెద్దది పెడితే కార్డు క్యూ నిండి ప్యాకెట్లు రాలిపోతాయి.