ఫైనాన్స్ తీరిన లారీని అమ్మేసి ఉద్యోగంలో చేరాలా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. నందిగామ దగ్గర మా ఊరు. ఏడేళ్లుగా సొంత పన్నెండు చక్రాల లారీ నేనే నడుపుకుంటున్నాను. జగ్గయ్యపేట నుంచి చెన్నైకి సిమెంటు లోడు. ఫైనాన్స్ తీరి నాలుగు నెలలైంది. డీజిల్, టోల్, కమీషన్ పోను నెలకు 45 వేలు మిగులుతోంది. దగ్గర్లోని ఫ్యాక్టరీలో షిఫ్టు డ్రైవర్ ఉద్యోగం ఉందన్నారు, జీతం 19,500. నా భార్య చేరమంటోంది. తమ్ముడేమో "ఓనర్‌వి అయ్యుండి జీతానికి పోతావా? బండి నాకివ్వు, నేను తిప్పుతా" అంటున్నాడు. అమ్మితే తొమ్మిది లక్షలు వస్తుంది. ఖర్చు కలిసొస్తుందని ఏడాదిగా క్లీనర్ లేకుండానే వెళ్తున్నా. మొన్న ఒంగోలు దాటాక తెల్లవారుజామున కునుకుపట్టి బండి డివైడర్‌ను రాసుకుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒంగోలు సంగతి. ఉత్తరం చివర డీజిల్ ఖర్చు రాసినంత తేలిగ్గా రాసేశారు. ఇంట్లో చెప్పారా? చెప్పలేదనే నా అనుమానం. చెప్పి ఉంటే మీ భార్య "చేరు" అన్న మాటతో ఊరుకునేవారు కాదు. పక్కన పలకరించే మనిషి లేకుండా రాత్రంతా నడిపితే, ఎన్ని టీలు తాగినా ఆ నాలుగింటి కునుకు ఆగదు. ఉద్యోగం సంగతి తేలేవరకైనా క్లీనర్‌ని పెట్టుకోండి. నిద్ర తూలితే డాబా దగ్గర బండి ఆపి పడుకోండి. లోడు ఒక పూట ఆలస్యమైందని ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్లు తిడితే తిట్టనివ్వండి.

ఇక డబ్బు. ఆ 45 వేలల్లో టైర్లు, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), రిపేర్లు కలిపారా? మీలాంటి బండికి అవన్నీ ఏడాదికి లక్షన్నర దాకా అవుతాయనుకుందాం. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఎఫ్‌సీ కూడా ఏటా చేయించాలి. అవి పోతే మిగిలేది 32 వేలు. ఇదే బండికి డ్రైవర్‌ని పెడితే 22 వేలన్నా అడగడూ? అంటే ఓనర్‌గా మీకొచ్చేది పది వేలు, మిగతాదంతా మీ డ్రైవింగ్ కూలి. రాత్రి నిద్ర పాడుచేసుకున్నందుకు వచ్చే కూలి.

బండి అమ్మిన డబ్బు బ్యాంకులో వేస్తే నెలకు 5 వేల దాకా వడ్డీ వస్తుంది. జీతంతో కలిపినా ఇప్పటికంటే ఏడెనిమిది వేలు తగ్గుతుంది. తగ్గదని చెప్పి మిమ్మల్ని ఒప్పించలేను. కానీ జీతం 21 వేల లోపే కాబట్టి ఈఎస్‌ఐ ఉంటుంది. నెలకు కోసేది నూట యాభై లోపే, వైద్యం మాత్రం ఇంటిల్లిపాదికీ. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. 58 ఏళ్లకు మీకింకా 14 ఏళ్లుంది, సరిపోతుంది. ఇంకో అయిదేళ్లు ఆలోచిస్తూ కూర్చుంటే సరిపోదు. పెన్షన్ పెద్ద మొత్తమేమీ కాదులెండి, ఇప్పటి లెక్కన మూడు వేలు మించదు.

నా మాటైతే, చేరండి. కాకపోతే ఫ్యాక్టరీ రోల్ మీద తీసుకుంటారా, కాంట్రాక్టర్ కిందా? నెలకు ఎన్ని నైట్ షిఫ్టులు? ఈ రెండూ అడక్కుండా ఊఁ అనొద్దు. అపాయింట్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే బండి బేరం పెట్టండి.

తమ్ముడికి ఇవ్వాలనుకుంటే అమ్మినట్టే ఇవ్వండి. ఫైనాన్స్ కంపెనీ నుంచి అప్పు తీరిందన్న ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి ఆర్‌సీలో వాళ్ల పేరు తీయించండి. తర్వాత ఫారం 29, 30 పెట్టి బండి తమ్ముడి పేరు మీదికి మార్చండి. "మన ఇంట్లోదే కదా" అని తాళాలు ఇచ్చేస్తే, రేపు యాక్సిడెంట్ అయినప్పుడు కోర్టు నోటీసు ఆర్‌సీలో పేరున్న మీకే వస్తుంది. అప్పుడు పోయేది డబ్బొక్కటే కాదు, అన్నదమ్ముల మధ్య మాటలు కూడా.

ఓనర్ అన్న పేరు పోతుందన్న బాధ మీకూ ఉంది, తమ్ముడి నోట అనిపించారంతే. టీ కొట్టు దగ్గర "ఓనర్‌గారూ" అని కుర్చీ జరిపే చోట రేపు ఫ్యాక్టరీ యూనిఫాంలో నిలబడాలంటే కష్టంగానే ఉంటుంది. కొన్నాళ్లు ఉంటుంది.

ఇంకొకటి. ఏడేళ్లుగా మీరు ఇంటికి చుట్టంలా వచ్చిపోతున్నారు. కిరాణా ఖాతా, పిల్లల ఫీజులు, చిట్టీ అన్నీ ఆవిడే చూసుకుని ఉంటారు. రోజూ ఇంట్లో ఉండటం మొదలుపెట్టిన మొదటి వారమే చిట్టీ పుస్తకం తెమ్మని అడక్కండి.