యెరూషలేం ప్రయాణం: ముందు పండగ తేదీ, తర్వాత టికెట్

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. బెనె ఎఫ్రాయిమ్ కుటుంబం, అంటే తెలుగు మాట్లాడే యూదులం. పదేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి వచ్చే షెవాత్ నెలలో (జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే యూదుల నెల) 13 నిండుతాయి. వాడి బార్ మిత్స్వా (13 నిండిన అబ్బాయి మా ధర్మగ్రంథం తోరా చదివే వేడుక) యెరూషలేంలో పాత దేవాలయం తాలూకు పశ్చిమ గోడ దగ్గర చేయించాలని, ఒక పండగ కూడా అక్కడే చూడాలని మా అమ్మ కోరిక. 2027 పస్కాకి వెళ్దామనుకుంటున్నాం. నేను, నా భార్య, అమ్మ, అబ్బాయి, మొత్తం నలుగురం. శుక్రవారం రాత్రి బయలుదేరే ఫ్లైట్ మనిషికి 38,600 రూపాయలు చూపిస్తోంది. ఆదివారమైతే 47,200. షబ్బాత్ (మా శనివారపు విశ్రాంతి దినం) నాడు మేం ప్రయాణం చేయం, కోషర్ (మా ఆహార నియమాల ప్రకారం చేసిన భోజనం) తప్ప తినం. తెలిసినవాళ్లేమో చర్చి టూర్ గ్రూపులో కలిస్తే చవకగా అయిపోతుందంటున్నారు. చేతిలో లక్షన్నర ఉంది. నెలకి 20 వేలు పక్కన పెట్టగలను. టికెట్ తక్కువకి దొరికే దారి చెప్పండి.

జవాబు: ముందు ఆ 38,600 అంకెని మనసులోంచి తీసేయండి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి చుక్కలు కనిపించేదాకా మీరు విమానం ఎక్కరు. అలాంటప్పుడు ఆ టికెట్ ఎంత చవకైనా మీకు ఉపయోగం లేదు. ఇజ్రాయెల్ వెళ్లే నిష్ఠగల యూదులు ఆ రోజు ఎక్కరు, అది తగ్గి కనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. దాంతో పోల్చుకుని మనిషికి 8,600, నలుగురికి 34,400 నష్టపోతున్నామని మీరు బాధపడుతున్నారు. ఆ బాధ అక్కర్లేదు. అంతకంటే పెద్ద మొత్తం మీ పంచాంగంలోనే మిగులుతుంది. ఎలాగో చూద్దాం.

2027లో పస్కా ఏప్రిల్ 21 బుధవారం సాయంత్రం మొదలవుతుంది. ఇజ్రాయెల్‌లో ఉండేవాళ్లకి ఏడు రోజులు. బయటి దేశం నుంచి వెళ్లి తిరిగొచ్చే మీకు సంప్రదాయం ప్రకారం ఎనిమిది రోజులు, అంటే ఏప్రిల్ 29 గురువారం రాత్రి దాకా. మర్నాడు శుక్రవారం, ఆ వెంటనే షబ్బాత్. తిరుగు ప్రయాణం నిమ్మళంగా పెట్టుకోవాలంటే మే 2 ఆదివారమే. వెళ్లేటప్పుడు పండగ రోజున దిగడం ప్రమాదం కాబట్టి ఏప్రిల్ 20కల్లా చేరాలి. మొత్తం 12 రాత్రులు. అదీ ప్రపంచంలోని యూదులంతా అక్కడికే వచ్చే వారంలో, పులిసిన పదార్థం కంటికి కనిపించకూడని రోజుల్లో! గదుల ధర, తిండి ధర రెండూ ఆకాశంలో ఉంటాయి.

ఇప్పుడు షావువోత్ చూడండి, అదే వారాల పండగ. యెరూషలేంకి యాత్రగా వెళ్లమని తోరా చెప్పిన మూడు పండగల్లో ఇదీ ఒకటి, కాబట్టి అమ్మగారి కోరికకి లోటు రాదు. 2027లో ఇది జూన్ 10 గురువారం సాయంత్రం మొదలవుతుంది. అక్కడివాళ్లకి శుక్రవారం ఒక్కరోజే పండగ. మీకు రెండో రోజు కూడా ఉంది, కానీ ఆ రెండో రోజు శనివారం పడింది. ఎలాగూ షబ్బాతే. అంటే బయటి దేశం వాళ్లు అదనంగా పాటించే రోజుకి ఈసారి అదనంగా ఒక్క రాత్రి అద్దె కూడా కట్టక్కర్లేదు. ఇలా ప్రతి ఏడాదీ కుదరదు. ఈ కలయిక చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది.

దీని ప్రకారం మీ ప్రయాణం ఇలా వస్తుంది. జూన్ 5 శనివారం రాత్రి షబ్బాత్ ముగిశాక ఇంట్లోంచి కదిలి, తెల్లవారుజామున శంషాబాద్‌లో విమానం ఎక్కుతారు. 6 ఆదివారం దిగుతారు. 7 సోమవారం ఉదయం పశ్చిమ గోడ దగ్గర బార్ మిత్స్వా. షబ్బాత్ కాక వారంలో తోరా చదివేది సోమ, గురువారాలే. ఆ రోజుల్లో ఫోటోలు తీసుకోవడానికి కూడా అడ్డు లేదు. ఒకవేళ విమానం ఆలస్యమై సోమవారం తప్పిపోతే, 10 గురువారం ఉదయం చేతిలో ఉంటుంది. పండగ రాత్రంతా చదువుకుని, తెల్లవారేసరికి వేలమంది నడుచుకుంటూ ఆ గోడ దగ్గరికి చేరడం యెరూషలేంలో ఆనవాయితీ. మీ అబ్బాయి ఆ నడకలో ఉంటాడు. 13 ఆదివారం తిరుగు ప్రయాణం. ఏడు రాత్రులు. మన దగ్గర బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు కాబట్టి చదువుకీ పెద్దగా ఇబ్బంది లేదు.

గదికి రాత్రికి 12 వేలు వేసుకుందాం. పస్కాకి 12 రాత్రులంటే 1,44,000. షావువోత్‌కి ఏడు రాత్రులంటే 84,000. తేడా 60,000. పండగ రేటు పెరుగుదల ఇందులో కలపనే లేదు. మీరు పోయిందనుకున్న 34,400 ఇందులో వచ్చేసి, ఇంకా మిగిలింది. ధర ఒక్కటే చూస్తే ఏ పండగా లేని జనవరి, ఫిబ్రవరి ఇంకా చవక. కానీ అమ్మగారు పండగ చూడాలన్నారు, పైగా అవి అబ్బాయికి బడి రోజులు. ఆ మాట నేను ఎత్తను.

మీ పండగల తేదీలు ఏళ్ల ముందే లెక్క కట్టి ఉంటాయి. మన పంచాంగంలో అధికమాసం వచ్చినట్టే, మీ 19 ఏళ్ల చక్రంలో ఏడుసార్లు అదార్ నెల రెండుసార్లు వస్తుంది. 2027 పస్కా పడే యూదు సంవత్సరం 5787 అలాంటి ఏడాదే, అందుకే ఈసారి పస్కా ఏప్రిల్ చివరికి జరిగింది. ఇంత ముందుగా తేదీ తెలిసిన ప్రయాణికుడు చివరి నెలలో టికెట్ కొనడం డబ్బు పారేసుకోవడమే. ఈ రోజే గూగుల్ ఫ్లైట్స్‌లో ఆ తేదీలకి ధర హెచ్చరిక పెట్టుకోండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో, మీరు చూస్తూ వచ్చిన ధరల్లో మంచిది కనబడిన రోజు కొనేయండి. ఇంకా తగ్గుతుందేమోనని మార్చి దాటనివ్వద్దు.

కొనేటప్పుడు మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి. దుబాయ్ దాకా ఒక కంపెనీ, అక్కడి నుంచి ఇంకో కంపెనీ అని విడివిడిగా కొంటే నాలుగైదు వేలు తగ్గొచ్చు. మొదటిది ఆలస్యమైతే రెండోవాడికి బాధ్యత ఉండదు, కొత్త టికెట్ మీ జేబులోంచే. మామూలు ప్రయాణికుడికి అది ఖర్చు మాత్రమే. మీకు అది వారం చివర జరిగితే, సామాను మోయలేక, డబ్బు ముట్టుకోలేక, ఫోన్ తీయలేక పరాయి విమానాశ్రయంలో షబ్బాత్ గడపడమవుతుంది. అందుకే శుక్రవారం మధ్యాహ్నం దిగే ఫ్లైట్ కూడా నాకిష్టం లేదు. యెరూషలేంలో సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందే షబ్బాత్ దీపాలు వెలిగిస్తారు. చలికాలంలోనైతే అది సాయంత్రం నాలుగుకే.

ముంబై నుంచి బాగా తగ్గితే అటు చూడొచ్చు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో గురువారానికి చేరి, షబ్బాత్ అక్కడే గడిపి ఆదివారం ఎక్కొచ్చు. 1884లో కట్టిన కెనెసెత్ ఎలియాహూ యూదు ప్రార్థనా మందిరం ఫోర్ట్ ప్రాంతంలో ఉంది. మూడు రాత్రుల బస ఖర్చు కలిపాక కూడా మనిషికి కనీసం పదివేలు మిగిలితేనే. లేకపోతే అమ్మగారిని అంత తిప్పకండి.

ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ ఆల్ 1982 నుంచి షబ్బాత్ నాడు ఎగరదు, భోజనమంతా కోషరే. అందులోనే వెళ్లాలని, అది ఎగిరే బ్యాంకాక్ దాకా వెనక్కి వెళ్లి తిరిగి రావడం మాత్రం మీ బడ్జెట్‌కి సరిపడదు. మిగతా పెద్ద విమాన సంస్థల్లో ఎక్కువ భాగం కోషర్ భోజనం అడిగితే ఇస్తాయి. దాని కోడ్ కేఎస్ఎంఎల్. చవక విమానాల్లో సాధారణంగా ఉండదు.

దీని గురించి నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన, ఆయన భార్య ప్రయాణం చెప్పాలి. టికెట్ కొన్నప్పుడే కోషర్ భోజనం నమోదు చేశారు. మొదటి విమానంలో వచ్చింది. రెండోది వేరే కంపెనీ నడిపే ఫ్లైట్, అందులో వాళ్ల పేర్లే లేవు. తిరుగు ప్రయాణంలో భోజనం వచ్చింది, కానీ పైన రేకు అంచు లేచి ఉంది. వేడి చేసే ముందు సిబ్బంది సీలు విప్పేశారు. రెండు పొరల్లో చుట్టిన ఆ డబ్బాని సీలుతోనే తెచ్చి చూపించాలి, అలాగే వేడి చేయాలి. ఆ అమ్మ ఏమీ అనలేదట. ట్రే పక్కకి జరిపి, సంచిలోంచి రెండు అరటిపండ్లు తీసి ఒకటి ఆయనకి ఇచ్చిందట. మీ అమ్మగారికి అలా జరగకూడదు. బయలుదేరడానికి మూడు రోజుల ముందు, విమానం నిజంగా నడిపే కంపెనీకే ఫోన్ చేసి, నలుగురి పేర్లూ ప్రతి విమానంలోనూ ఉన్నాయో లేదో చదివించుకోండి. ఎక్కగానే సిబ్బందికి సీలు విప్పొద్దని చెప్పండి. సంచిలో పండ్లు, జీడిపప్పు, ఖర్జూరాలు ఎలాగూ పెట్టుకోండి.

ఇంకో చిన్న విషయం, డబ్బుతో ముడిపడిందే. వెబ్ చెక్-ఇన్ మామూలుగా ప్రయాణానికి 24 గంటలో, 48 గంటలో ముందు తెరుస్తారు. 24 గంటల ముందు తెరిచే కంపెనీ అయితే, మీకు ఆ సమయంలో ఎక్కువ భాగం షబ్బాతే. మీరు ఫోన్ ముట్టుకునేసరికి మిగిలేవి మధ్య సీట్లు. టికెట్ కొన్నప్పుడే నలుగురికీ సీట్లు ఎంచుకోండి, ఆ కొద్ది రుసుము టికెట్ ధరలోనే కలిపి లెక్కపెట్టండి. సామాను బరువూ అంతే. పాత్రలు, తిండి మోసుకెళ్లేవాళ్లకి బ్యాగ్ లేని చవక టికెట్ కౌంటర్ దగ్గర ఖరీదైపోతుంది. శనివారం రాత్రికని షబ్బాత్‌లో సర్దరు కాబట్టి, సూట్‌కేసులు శుక్రవారం మధ్యాహ్నానికే తలుపు దగ్గర ఉండాలి. అబ్బాయికి పిల్లల టికెట్ ఉండదు. విమానాల్లో 12 నిండితే చాలు, పెద్దవాళ్ల టికెట్టే.

చర్చి టూర్ గ్రూపుల విషయం. వాటిమీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, విజయవాడ, హైదరాబాద్ నుంచి ఎందరో క్రైస్తవ కుటుంబాలు ఎంతో భక్తితో వెళ్లొస్తున్నాయి. కానీ ఆ ధరలో మీరు తినని భోజనం ఉంటుంది, శనివారం మీరు ఎక్కని బస్సు ఉంటుంది. చాలా గ్రూపులు చవక కోసం బేత్లెహేంలో దిగుతాయి. అక్కడి నుంచి షబ్బాత్ నాడు మీరు నడిచి వెళ్లగల ప్రార్థనా మందిరం లేదు. సగం వాడుకోని ప్యాకేజీ చవకెలా అవుతుంది? అంతకన్నా మీ ఊరినుంచి, బంధువుల్లోంచి ఇంకో ఆరుగురు కలుస్తారేమో అడగండి. పదిమంది ఉంటే చాలా విమాన సంస్థలు గ్రూప్ ధర ఇస్తాయి. కొద్ది అడ్వాన్సుతో సీట్లు పట్టి పెడతాయి, పేర్లు తర్వాత ఇచ్చినా ఒప్పుకుంటాయి. గ్రూప్ ఇంకా పెద్దదై అందులో మగవాళ్లే పదిమంది అయితే ప్రార్థనకి మిన్యాన్ (సామూహిక ప్రార్థనకి కావాల్సిన పదిమంది) కూడా మీ వాళ్లతోనే నిండుతుంది. అయితే గ్రూప్ ధర ప్రతిసారీ తక్కువ ఉండదు, విడి టికెట్లతో పోల్చి చూశాకే ఒప్పుకోండి.

ఆ ప్రాంతంలో పరిస్థితులు ఎప్పుడు ఎలా మారతాయో చెప్పలేం. విమానాలు ఆగిపోవడం ఈ కొన్నేళ్లలో చాలాసార్లు చూశాం. ప్రయాణ బీమాల్లో ఎక్కువ భాగం యుద్ధం వల్ల వచ్చే నష్టాన్ని కవర్ చేయవు, ఆ నిబంధన చదివాకే ప్రీమియం కట్టండి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కి మనిషికి రెండు మూడు వేలు ఎక్కువైనా ఇవ్వండి. టికెట్ విమాన సంస్థ దగ్గరే నేరుగా కొనండి. ఒక కుటుంబం ఏజెంట్ ద్వారా కొన్న టికెట్ రద్దయితే ఆ రీఫండ్ కోసం ఐదు నెలలు తిరగడం నేను దగ్గరుండి చూశాను. బస కూడా రద్దు చేసుకునే వీలున్నదే పెట్టుకోండి. భారతీయ పాస్‌పోర్టుకి వీసా కావాలి, దాని పని ఆలస్యం చేయకండి.

ఇక డబ్బు. టికెట్లు 1,88,800, బస 84,000, వీసా, బీమా, తిండి, అక్కడి తిరుగుడుకి 57,200. మొత్తం 3,30,000. అనుకోని ఖర్చులకి 40,000 కలపండి. 3,70,000. మీ లక్షన్నర పోను 2,20,000 కావాలి. ఇంకా 11 నెలలుంది, నెలకి 20 వేలు సరిగ్గా సరిపోతుంది. ఏడాదిలోపు కావాల్సిన డబ్బు కాబట్టి షేర్లు, ఈక్విటీ ఫండ్లు వద్దు. రికరింగ్ డిపాజిట్ కూడా వద్దంటాను, ఎందుకంటే టికెట్ల కోసం మధ్యలోనే తీయాలి. స్వీప్-ఇన్ డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో, అంటే కావాలన్నప్పుడు తీసుకోగలిగే చోట వేయండి. జనవరి చివరికి ఆరు నెలల 1,20,000, చేతిలోని 1,50,000 కలిసి 2,70,000 అవుతుంది. నాలుగు టికెట్లూ ఈఎంఐ లేకుండా కొనేస్తారు. క్రెడిట్ కార్డు పాయింట్లు వస్తే రానివ్వండి, కానీ బిల్లు ఆ నెలలోనే పూర్తిగా కట్టాలి. నెలకి 3 శాతం దాటే వడ్డీ ముందు ఏ పాయింట్లూ నిలబడవు. టికెట్ రూపాయల్లోనే కొనండి, డాలర్లలో కొంటే కార్డువాళ్లు మార్పిడి రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తారు.

బస వెతికేటప్పుడు ధరకన్నా ముందు మ్యాప్ తెరవండి. పండగ, షబ్బాత్ రెండు రోజులూ అమ్మగారు ఎక్కడికైనా నడిచే వెళ్లాలి, యెరూషలేం అంతా ఎత్తుపల్లాలు. మందిరానికి పది నిమిషాల నడకలో, మెట్లు తక్కువున్న చోట రాత్రికి వెయ్యి ఎక్కువైనా నేను ఒప్పుకుంటాను. ఆ ఏడువేలు 40,000లోంచి తీసుకోండి.