కాచిగూడలో రైలెక్కి పాలమూరు వైపు ఒక రాత్రి టెంటు: పొద్దుగూకేలోపు ఏమేం కావాలి

మీరు అడిగింది ఇదీ: ఇద్దరు మిత్రులు, చెరో బ్యాగు, కాచిగూడ నుంచి జనరల్ బోగీలో దేవరకద్ర దాకా పోయి, కోయిల్‌సాగర్ డ్యాం చుట్టుపక్కల ఎక్కడైనా టెంటు వేసుకుని మర్నాడు తిరిగి రావాలి. ఆఫీసు అయ్యాక సాయంత్రం బండి పట్టుకుంటే సరిపోతుందా, గ్యాస్ స్టవ్ తీసుకెళ్లొచ్చా, స్థలం ఎలా చూసుకోవాలి?

సాయంత్రం బండి వద్దు. మిగతా సంగతులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి ముందు ఇదే చెప్తున్నా. తెలియని ఊళ్లో చీకటి పడ్డాక దిగితే నేల కనిపించదు, నీళ్ల జాడ తెలియదు, అడగడానికి మనుషులు దొరకరు. లెక్క పొద్దుగూకడం నుంచి వెనక్కి వేసుకోండి. డిసెంబరులో ఇటువైపు సూర్యుడు 5.40 ప్రాంతంలో దిగిపోతాడు. టెంటు 4.30కల్లా నిలబడి ఉండాలి. చోటు వెతకడానికి, రైతును అడగడానికి గంటన్నర. స్టేషన్ నుంచి ఊరికి చేరడానికి, నీళ్లకి, సరుకులకి ఇంకో గంట. బండి ఆలస్యానికి గంట. అంటే టైంటేబుల్ ప్రకారం ఒంటిగంటకల్లా దేవరకద్రలో దిగే బండే మీది. కాచిగూడ నుంచి సుమారు మూడు గంటల ప్రయాణం కాబట్టి ఉదయం బండి తప్పదు. ఎండాకాలంలో వెలుగు ఇంకో గంట ఎక్కువ ఉంటుంది కానీ, మధ్యాహ్నం ఎండలో బ్యాగు మోయలేక ఆ గంటా ఏ చెట్టు నీడలోనో పోతుంది.

బండి ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. మొదటిది, అది దేవరకద్రలో ఆగుతుందా లేదా. ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆగవు. ఆగకపోతే మహబూబ్‌నగర్‌లో దిగి రాయచూరు వైపు పోయే బస్సు ఎక్కండి, దేవరకద్ర ఆ రోడ్డు మీదే ఉంటుంది. రెండోది, మహబూబ్‌నగర్ దాకా డబుల్ లైను 2023లో పూర్తయింది కాబట్టి అక్కడిదాకా బండ్లు బాగానే నడుస్తాయి. దాని దిగువన క్రాసింగ్ కోసం ఆగడం మామూలే, పైన అనుకున్న గంట అందుకే. దేవరకద్ర దగ్గర దారి రెండుగా చీలుతుంది: ఒకటి గద్వాల, కర్నూలు వైపు, ఇంకొకటి మక్తల్ మీదుగా రాయచూరు వైపు, జక్లేర్–కృష్ణ స్టేషన్ల మధ్య లైను కూడా 2023లోనే తెరిచారు కాబట్టి. దేవరకద్ర దాకా ఏదైనా ఒకటే. దాటి పోవాలనుకుంటే మాత్రం బోగీ మీది బోర్డు చదివి ఎక్కండి.

టికెట్ ఫోన్‌లో రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు, కానీ ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక తీద్దామంటే యాప్ ఒప్పుకోదు. బయటి నుంచే తీయాలి, లేదంటే స్టేషన్‌లో అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. తీసుకున్న మూడు గంటల్లోపు ప్రయాణం మొదలవ్వాలి కాబట్టి ముందురోజు రాత్రే తీసి పెట్టుకుంటే చెల్లదు. సూపర్‌ఫాస్ట్ ఎక్కితే సెకండ్ క్లాసుకి 15 రూపాయల సర్‌చార్జి ఉంటుంది. మామూలు టికెట్‌తో అందులో దొరికిపోతే జరిమానా కట్టాలి.

గ్యాస్ సంగతి. రైల్లో గ్యాస్ డబ్బా, కిరోసిన్, పెట్రోలు, స్పిరిట్ ఏదీ తీసుకెళ్లకూడదు. ట్రెక్కింగ్ స్టవ్‌కి బిగించే చిన్న బ్యూటేన్ డబ్బా కూడా ఇందులోకే వస్తుంది. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చిన్నదే కదా అని బట్టల మధ్య దాచుకునేవాళ్లు ఉన్నారు. కిక్కిరిసిన జనరల్ బోగీలో ఆ డబ్బా లీకైతే బయటపడే దారి ఉండదు, అందుకే దీని గురించి నేను మెత్తగా చెప్పలేను. ఒక రాత్రికి అసలు వంటే అక్కర్లేదు. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డ, అరటిపండ్లు, అటుకులు ఉంటే రెండు పూటలు గడిచిపోతాయి. జొన్నరొట్టె పలచగా, బాగా ఎండేలా కాల్పించుకోండి. మెత్తగా ఉన్నది కవర్లో చెమటపట్టి మర్నాటికి బూజు వాసన వస్తుంది. చాయ్ లేనిదే పొద్దు గడవదంటే మూడు రాళ్ల పొయ్యి గురించి కింద చెప్తాను.

బ్యాగు ఒక్కొక్కరికి 10–12 కిలోలు దాటనివ్వొద్దు. వేలాడే పట్టీలన్నీ లోపలికి ముడవండి, జనరల్ బోగీ తలుపు దగ్గర అవే చిక్కుకుంటాయి. చిన్న స్టేషన్లలో బండి ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది, ప్లాట్‌ఫారం కిందికి ఉంటుంది. మీరు దిగే స్టేషన్‌కి ముందుది దాటగానే తలుపు దగ్గరికి రండి. ముందు ఒకరు ఖాళీ చేతులతో దిగి బ్యాగులు అందుకోవాలి. వీపున బరువుతో మెట్ల మీద వెనక్కి తిరిగి దిగితేనే కాలు జారదు.

దేవరకద్రలో దిగాక కోయిల్‌సాగర్ పది పన్నెండు కిలోమీటర్లు. బస్సుకో ఆటోకో ముందే నీళ్లు నింపుకోండి. తాగడానికి, కడుక్కోవడానికి కలిపి మనిషికి చలికాలంలో 4 లీటర్లు, మార్చి తర్వాత 6. ఊళ్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ, వాటర్ ప్లాంటు నీళ్లు గానీ పట్టుకోండి. పొలం బోరు నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా ఫ్లోరైడ్ ఉండొచ్చు. నల్లగొండ వైపు పోయినప్పుడు ఇది ఇంకా ముఖ్యం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ట్రెక్కింగ్ వాళ్లు వాడే గొట్టం ఫిల్టర్ కూడా బురదను, క్రిములను ఆపుతుంది తప్ప ఫ్లోరైడ్‌ను ఆపదు. ఒక రాత్రి తాగితే ఎముకలు వంగిపోవు, కానీ ఫిల్టర్ ఉంది కదా అని ప్రతి బోరునూ నమ్మే అలవాటు మంచిది కాదు.

ఇక స్థలం. డ్యాం కట్ట మీద, గేట్ల దిగువ వాగులో వద్దు. గుట్టల మీద అటవీ హద్దు రాళ్లు కనిపిస్తే ఆ లోపలికి పోవద్దు. మీకు కావాల్సింది కోత అయిపోయిన చెల్క, ఊరికి అర కిలోమీటరు దూరంలో, బండి బాట నుంచి కనబడేలా. మరీ ఊరి పక్కనైతే రాత్రంతా కుక్కలు పడుకోనివ్వవు. మరీ దూరమైతే అవసరానికి పిలిచినా ఎవరికీ వినపడదు. ఆ పొలం ఎవరిదో కనుక్కుని నేరుగా అడగండి: "అన్నా, ఈ రాత్రికి ఇక్కడ టెంటు ఏసుకుంటం, పొద్దుగాల్నే పోతం." ఎక్కువమంది కాదనరు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు తప్పకుండా అడగండి: చుట్టుపక్కల పందుల కోసం కరెంటు తీగ ఎవరైనా పెడుతున్నారా? వాన పడితే నీళ్లు ఎటు నుంచి వస్తాయి? ఎలుగుబంటి గానీ చిరుత గానీ తిరుగుతున్నాయా?

మొదటి ప్రశ్నే అన్నిటికంటే పెద్దది. అడవిపందులు పల్లి, మొక్కజొన్న, వరి తొక్కేస్తున్నాయని కొందరు చేను చుట్టూ చిన్న కట్టెలు పాతి, మోకాలి ఎత్తులో సన్నటి బైండింగ్ వైరు కట్టి, మోటారు లైను నుంచి నేరుగా కరెంటు ఇస్తారు. అది చట్టవిరుద్ధం, మనుషులు చచ్చిపోతున్నారు, అయినా ఆగలేదు. పగలు తీసేసి పొద్దుగూకాక కలుపుతారు కాబట్టి సాయంత్రం మీరు నడిచిన గట్టే రాత్రి ప్రాణం తీయొచ్చు. టార్చి వెలుగులో కూడా ఆ తీగ కనబడదు. కాబట్టి చీకటి పడ్డాక పొలం గట్ల మీద నడక పూర్తిగా బంద్. మూత్రానికైనా టెంటుకు పది అడుగుల్లోనే, పగలు చూసిపెట్టుకున్న చోటికే పోండి. పక్కవాడు తీగకు తగులుకుంటే చేత్తో పట్టుకుని లాగొద్దు. అరిచి రైతును పిలిచి కరెంటు బంద్ చేయించండి, 112కి ఫోన్ చేయండి.

ఎలుగుబంట్ల విషయం: ఇక్కడి గుండ్ల గుట్టల్లో అవి ఉన్నాయి. దసరా ముందూ వెనకా సీతాఫలాల కాలం, మనుషులూ అవే పండ్లకి పోతారు, ఎలుగుబంట్లూ అవే పండ్లకి వస్తాయి. తెల్లవారుజామున, మునిమాపున గుండ్ల మధ్య తిరగొద్దు. తినే వస్తువులు టెంటు లోపల పెట్టుకోకుండా, మూటకట్టి దూరంగా చెట్టుకొమ్మకు వేలాడదీయండి. గొర్రెల మంద కనబడితే కాపరిని అడగండి, ఆ గుట్ట గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

టెంటు వేసే ముందు తంగేడు కొమ్మ ఒకటి విరిచి నేల ఊడ్చండి. తర్వాత అరచేత్తో మెల్లగా తడిమి చూడండి. పల్లేరుకాయ మట్టి రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు, చేతికే తగులుతుంది. దాని ముల్లు టెంటు అడుగునీ, గాలి పరుపునీ రెంటినీ పొడుస్తుంది. సర్కారు తుమ్మ ముల్లయితే చెప్పు అట్టలోంచి కూడా దిగుతుంది. అందుకే కింద ఒక టార్పాలిన్ తప్పనిసరి. అది టెంటు అంచు కన్నా రెండు మూడు అంగుళాలు లోపలికే ఉండాలి. బయటికి వస్తే వాన నీరు దాని మీద పడి నేరుగా మీ కిందికే చేరుతుంది.

చెల్క నేల ఎండితే రాయిలా ఉంటుంది, టెంటుతో వచ్చే అల్యూమినియం మేకులు వంగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో 8 అంగుళాల ఇనుప మేకులు పది కొనుక్కోండి. బండ మీద వేయాల్సి వస్తే మేకు దిగదు: తాడును చిన్న రాయికి చుట్టి, దాని ముందు, అంటే టెంటు వైపు, తలకాయంత రాయి పెట్టండి. తాడు లాగినప్పుడు చిన్న రాయి పెద్దదానికి ఆనుకుని నిలబడుతుంది. అయితే మార్చి నుంచి బండ మీద వద్దే వద్దు. పగలంతా తాగిన వేడిని అది అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. రేగడి నేల వాన పడితే కాళ్లకు కిలోల కొద్దీ అంటుకుంటుంది, అదీ వదిలేయండి. ఒంటరి చెట్టు కింద, తాటిచెట్ల కింద వేయొద్దు. ఏప్రిల్, మేలో సాయంత్రం గాలిదుమారం లేచి పిడుగులు పడేది వాటి మీదే.

పొయ్యికి కుదురైన పొడి రాళ్లు తీసుకోండి. వాగులోంచి తెచ్చిన రాయిలో తేమ ఉంటుంది, వేడెక్కితే పగులుతుంది. ఎండిన తుమ్మ పుల్లలు నాలుగు గుప్పెళ్లు చాలు రెండు గ్లాసుల చాయ్‌కి. చుట్టూ రెండు మీటర్ల మేర గడ్డి తీసేయండి. ఫిబ్రవరి నుంచి వాన పడేదాకా గడ్డి ఎండి ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో మంటే పెట్టొద్దు.

పడుకునేముందు జిప్పు పూర్తిగా వేయండి, బూట్లు లోపలే పెట్టండి, తెల్లారి దులిపి తొడగండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కాటు నొప్పి పుట్టదు, వాపు పెద్దగా ఉండదు, అందుకే చాలామంది పురుగేదో అనుకుని మళ్లీ పడుకుంటారు. కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, కడుపునొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. కోయడం, తాడు బిగించడం వద్దు. 108కి ఫోన్ చేసి మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి చేరండి.

నల్లమల ఇంకా బాగుంటుందని ఎవరో ఒకరు మీకు చెప్తారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సొంత టెంటు కుదరదు. మన్ననూరు నుంచి అటవీశాఖ నడిపే బసలే తీసుకోవాలి. మన్ననూరు–దోర్నాల రోడ్డు కూడా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటుంది. కృష్ణ ఒడ్డున ఇసుకలో, ముఖ్యంగా జూరాల డ్యాం దిగువన, జూలై నుంచి అక్టోబరు దాకా అసలు వద్దు. పైన గేట్లు ఎత్తితే ఇక్కడ వాన లేకపోయినా నీళ్లు వస్తాయి.

తిరుగు ప్రయాణానికి 139కి ఫోన్ చేసి బండి ఎక్కడుందో కనుక్కున్నాకే టెంటు విప్పండి. ఎండ తగిలి మంచు తడి ఆరాక మడిస్తే బరువూ తగ్గుతుంది, బూజూ పట్టదు. బూడిద మీద నీళ్లు పోసి, చేయి పెట్టి చల్లారిందని చూసి, రాళ్లు ఎక్కడివక్కడ పెట్టేయండి. పొలం ఇచ్చిన రైతు ఇంటి ముందు నుంచే పోండి, పోతున్నామని చెప్పండి.